మా మామ చూడని వైపు

తెలివితక్కువవాళ్లకు సన్మానం చేసే సభ ఎక్కడైనా జరిగితే, శాలువా నాకే కప్పాలి. ఈమధ్య పావగడ బస్టాండులో నిలబడి తలెత్తితే, ఎండకు వెలిసిన పర్యాటక బోర్డు మీద మా మేనమామ నవ్వుతూ కనిపించాడు. తలకు తువ్వాలు, భుజాన కంబళి, చాచిన చెయ్యి. ఆ చేతికి అవతల నీలంగా మెరిసే సోలార్ పలకలు. కింద కన్నడంలో స్వాగతం. మామ పోయాడు. బోర్డు మీద మాత్రం ఇంకా అందరినీ రమ్మంటూనే ఉన్నాడు. ఆయన్ను అలా నిలబెట్టింది నేనే.

బడిపంతులుగా రిటైరయ్యాక, వినేవాళ్లు లేక నోరు ఊరుకోక, మా తాలూకా చరిత్రను లోకానికి చాటుదామని నలుగురితో కలిసి ఒక సమితి పెట్టాను. పర్యాటకం అన్న మాటలోనే ఆట ఉందని నాకు తెలుసు. ఆ ఆటలో బొమ్మ ఎవరవుతారో తట్టలేదు. అంతకుముందు పత్రికల్లో మా కరువు గురించే రాసేవాళ్లు. ఆ తర్వాత సోలార్ గురించి రాశారు. ఈ రెండింటి మధ్య నిడుగల్లు కోట ఒకటుందని ఎవరికీ గుర్తు లేదు. గుర్తు చేద్దామని పత్రికలవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను.

మామది రాయచెర్లు. చుట్టుపక్కల అందరూ ఇచ్చినట్టే ఆయనా తన వేరుశనగ చేనును సోలార్ పార్కుకు గుత్తకిచ్చాడు. గుత్త సక్రమంగానే వచ్చేది. ఆయన దిగులు దాని గురించి కాదు. చేను అప్పగించిన రోజు గుప్పెడు మట్టి తీసి అందులోనే వేసి, వెనక్కి తిరగకుండా నడిచి వచ్చేశాడు. మనిషిని పాతిపెట్టి వచ్చేటప్పుడు మా వైపు అట్లాగే వస్తారు. ఆ తర్వాత గొర్రెలను తోలుకుని అత్త పుట్టిల్లు నిడుగల్లు చేరాడు. కోట ఉన్న కొండ ఎక్కితే దూరంగా ఆ పలకలు కనిపిస్తాయని, మేత తక్కువైనా అవతలి వాలులోనే మేపేవాడు. "అలిగింది నువ్వు, పస్తులు గొర్లకా?" అని అత్త దెప్పేది.

ఎట్టకేలకు బెంగళూరు నుంచి ఒక పత్రికవాళ్లు వచ్చారు. దారి చూపమని మామను పిలిచాను. బురుజులనూ నీళ్ల దొనలనూ తన ఇంటి గదుల్లా చూపించాడు. తల తగిలే ఒక వాకిలి దగ్గర ఆగి, "వంగి రావల్లప్పా. రాజులు పొట్టోళ్లని కాదు, మనకు పొగరు జాస్తని కట్టినారు," అన్నాడు. వాళ్లు మర్యాదకు నవ్వారు. పైకి చేరగానే ఫొటోగ్రాఫరు, "అబ్బ, ఎంత పెద్ద చెరువు!" అన్నాడు. చెరువు కాదు, సోలార్ అని చెప్పాను. ఇక అతనికి కోటతో పని లేకపోయింది. మామ అటు చెయ్యి చూపిస్తూ నవ్వాలన్నాడు. మామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను తిరగనురా. మట్టిచ్చి వచ్చినాక మళ్లా చూడకూడదు."

"ఒక్క ఫొటో మామా. మన కోట పేరు పదిమందికీ తెలుస్తాది."

"కోట ఈడుంటే నన్ను ఆడికి చూడమంటావేందిరా?"

బతిమాలుతూ ఆయన చేతులు పట్టుకున్నాను. మామ తిరిగాడు. చెయ్యి చాచమంటే చాచాడు, నవ్వమంటే నవ్వాడు. కొండ దిగుతుంటే మెల్లగా అన్నాడు: "మన చేను యాడుండాదో గుర్తు పట్టలేకపోతినిరా."

పత్రిక వచ్చింది. అందులో కోట పేరు ఒక్కచోటా లేదు. ఆ ఫొటోనే తర్వాత బోర్డెక్కింది. మామ మాత్రం మళ్లీ కొండ ఎక్కలేదు. గొర్రెలను అమ్మేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను వెళితే, "వచ్చినావా, కూచో," అనేవాడు, ఇటు తిరగకుండానే. ఆ ఏడే పోయాడు.

బోర్డు చూసిన వారంలోనే మరో పత్రికవాళ్లు దిగారు. "సోలార్ బాగా కనిపించే చోటు ఎక్కడ సార్?" అని విలేకరి అమ్మాయి అడిగింది. ముందు కోట చూద్దామని, మామ గొర్రెలు మేపిన వాలులో రాళ్ల మీద కూర్చోబెట్టాను. తరతరాల పిల్లలను నిద్రపుచ్చిన నా అనుభవమంతా బయటికి తీసి, బురుజు బురుజుకూ కథ చెప్పాను. పైకి చేరేసరికి మసక చీకటి. సోలార్ వైపు ఏమీ కనిపించలేదు. "అయ్యో, ఆలస్యమైపోయింది," అని ఆ అమ్మాయి నొచ్చుకుంది.

"పొద్దు పోతే వాటికి చూపించడానికేమీ ఉండదమ్మా," అన్నాను. "కోటకు మాత్రం పొద్దు పోవడం అలవాటే."