కుర్చీ లేని చోట

అనకాపల్లిలో ప్లాస్టిక్ గడ్డి బాగుచేసేది ఎవరని అడిగితే నానాజీ పేరే చెబుతారు. బెల్లం వండే పొయ్యిల దగ్గర పెరిగినవాడు. ఆ పని పలచబడ్డాక విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రికెట్ టర్ఫులు పరవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు సబ్బవరం దాకా కొత్త ఇళ్ళ వాకిళ్ళలో, మేడల మీద పరిచిన గడ్డి ఎండకి వాలినా, కుక్క పీకినా, అతుకు విడినా అతనికే ఫోను వస్తుంది. బ్రష్షుతో పోగుల్ని ఎదురు దువ్వి నిలబెడతాడు. మధ్యలో సన్నటి ఇసక చల్లుతాడు. పాడైన ముక్క కోసి కొత్తది అతికిస్తాడు. ప్రాణం లేని గడ్డితో మనకేం గొడవని భార్య నూకరత్నంతో నవ్వుతూ అనేవాడు. రామతులసిగారి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ మాట మానేశాడు.

రామతులసిది బెల్లం వ్యాపారుల కుటుంబం. భర్త భీమశంకరరావు పోయి కొన్నాళ్ళయింది. కొడుకు సాయిరామ్, కోడలు పొద్దున్నే దుకాణానికి వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. నానాజీ మొదటిసారి వెళ్ళినప్పుడు వాకిట్లో గోడవారగా ఒకచోట గడ్డి అణిగి కనిపించింది. చదరంగా నాలుగు చిన్న గుంటలు. వాటి ముందు పక్కపక్కనే రెండు పాదాల మేర పోగులు నున్నగా పడుకుని ఉన్నాయి. ఎవరో రోజూ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారనుకున్నాడు. వేడినీళ్ళు పోసి, దువ్వి, పోగుల్ని లేపాడు. కుర్చీని అప్పుడప్పుడు జరుపుతూ ఉండమని రామతులసికి చెప్పి వచ్చేశాడు. ఆమె తల ఊపింది.

మళ్ళీ వెళ్ళేసరికి అక్కడే, అవే గుంటలు. ఇక దువ్వి లాభం లేదని ఆ ముక్క కోసి తీశాడు. కింద పరిచిన రాతిపొడి చెక్కు చెదరకుండా సమంగా ఉంది. పైన పోగులు అంతలా నలగాలంటే బరువు పడాలి. బరువు పడితే కింద పొడి దిగాలి. దిగలేదు. అరచెయ్యి ఆనించి చూశాడు. ఎండకి వాకిలంతా కాలిపోతుంటే ఆ కాస్త జాగా తడిగుడ్డలా చల్లగా ఉంది.

ఏదో నీటి చెమ్మ అయి ఉంటుందని సరిపెట్టుకుని, కొత్త ముక్క గమ్ముతో అతికించాడు. ఆరేదాకా ఎవరూ తొక్కకుండా చుట్టూ ఇటుకలు పేర్చి అరుగు మీద కూర్చున్నాడు. రామతులసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. కొత్త గడ్డి వాలుతోంది. ముందు పాదాల మేర, ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఎవరో కాళ్ళు సర్దుకుంటున్నట్టు. ఆ వెనక గుంటలు పడ్డాయి. గాలి లేదు. గోడ మీద కాకి కూడా లేదు.

"అమ్మా, ఇక్కడ కుర్చీ ఎవలదండి?" అన్నాడు, గ్లాసు దించి.

"కుర్చీ అటక మీద పడీసేం నానాజీ," అంది రామతులసి. ఆమె కూడా అటే చూస్తోంది. "ఆయనది. పక్షవాతం వచ్చేక పగలంతా అక్కడే కూర్చునీవారు. కాళ్ళు మట్టికి ఆనకపోతే ఊరుకునీవారు కాదు. బురదవుతోందని పిల్లలు ఈ గడ్డి వేయిత్తామంటే, నేను పోయేక వేసుకోండి అనీవారు. ఆయన పోయేకే వేయించేం."

నానాజీ సామాను కూడా సర్దుకోకుండా బండెక్కాడు. నూకరత్నం మొగుడి మొహం చూసి ఏటయిందని అడిగింది. చెప్పాడు. ఆమె గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీసింది. ఆ ఇంటి ఫోను వస్తే ఎత్తొద్దంది. కొన్నాళ్ళు ఎత్తలేదు. కానీ ఏ వాకిట్లో బ్రష్షు పట్టినా ఆ రెండు పాదాలే కళ్ళముందు మెదిలేవి. కాళ్ళు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్న మనిషిని తను మాటిమాటికీ లేపి పంపుతున్నట్టు అనిపించేది. చివరికి ఫోను ఎత్తాడు.

"ఇంక దువ్వొద్దు నానాజీ. ఆ కాస్తా కోసీ," అంది రామతులసి.

వెళ్ళి, గుంటలకీ పాదాలకీ సరిపడా గడ్డి కోశాడు. రాతిపొడి గోకి పారేస్తే కింద ఎర్రమట్టి బయటపడింది. మిగిలిన గడ్డి అంచు లేవకుండా చుట్టూ మేకులు దిగ్గొట్టాడు. రామతులసి అటక మీది కుర్చీ దింపించి, తడిగుడ్డతో తుడిచి, తనే తెచ్చి అక్కడ వేసింది. పచ్చటి వాకిట్లో ఆ మట్టి మచ్చ చూసి సాయిరామ్ మొదట కోప్పడ్డాడట. తరవాత ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ పక్కనుంచి బండి తియ్యడం మానేశాడు.

నానాజీ ఇప్పటికీ ఆ ఇంటికి వెళుతున్నాడు. మిగతా గడ్డి ఎక్కడా అణగడం లేదు. మట్టి మాత్రం, ఎంత వాన పడినా, కుర్చీ ముందు నున్నగానే ఉంటుంది. మొన్నొక ఉదయం ఇసక బస్తా తెచ్చి ఆ కుర్చీ ఎదురుగా దించి, అటు వీపు పెట్టి దువ్వుతున్నాడు. మెడ వెనక చల్లగా తగిలింది. తను వీధి కనపడకుండా అడ్డం కూర్చున్నానని ఎందుకో తోచింది.

"తప్పుకుంతాను బాబూ," అన్నాడు, తల తిప్పకుండానే.

బస్తా లాక్కుని పక్కకి జరిగాడు. గుమ్మంలో నిలబడ్డ రామతులసి ఆ మాట విని లోపలికి వెళ్ళింది. వెనక కుర్చీ, బరువు మార్చుకున్నట్టు, కిర్రుమంది.