ఆ వారం రాని పత్రిక

ఒక చిన్న అబద్ధాన్ని పెళ్ళికి ముందు నుంచీ మోస్తున్నాను. ఇప్పుడు నాకు మనవరాలు కూడా పుట్టింది. చిన్నదే కదా అని ఇన్నాళ్ళూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను కానీ, నిజంగా చిన్నదైతే ఈపాటికి మరిచిపోయి ఉండాలి. మరిచిపోలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఫోన్‌లోని ఈ పుస్తకాల గుంపులో మీలో చాలామంది నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. గుంపు నడిపేవాళ్ళ చేత పేరు లేకుండా పెట్టిస్తున్నాను, అడక్కండి.

మాది బిలాస్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లో, చదివింది హిందీ మీడియంలో. తెలుగులో మాట్లాడటం వచ్చు, తిట్టడం ఇంకా బాగా వచ్చు, చదవడం మాత్రం వచ్చేది కాదు. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, విజయనగరం దగ్గర్నుంచి కాపురానికి వచ్చింది. ఆవిడకి తెలుగు వారపత్రిక లేకపోతే పొద్దు గడవదు. మా ఎదురు క్వార్టర్లో ఉండే రైలు గార్డు మావయ్య రాయపూర్ డ్యూటీకి వెళ్ళినప్పుడు అక్కడ కొని తెచ్చేవాడు. కాలేజీ నుంచి వస్తూ నేను ఆయన దగ్గర తీసుకుని వదినకి ఇచ్చేదాన్ని.

అందులో ఒక టీచరమ్మ కథ సీరియల్‌గా వచ్చేది. వదిన ఆ పేజీలు విడదీసి, వరసగా పేర్చి, దారంతో కుట్టి పెట్టుకునేది. కథ పూర్తయ్యాక అట్ట వేయించాలని ఆవిడ ఆశ.

ఒకరోజు నేనూ ఆ పత్రిక చదువుతున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎందుకలా చేశాను? వదినలా కనిపించాలనే అయి ఉంటుంది. ఆవిడ చదువుతూ కళ్ళు తుడుచుకుంటుంది కదా అని నేనూ తుడుచుకున్నాను. ఆ పేజీ మొలల మందు ప్రకటన. వదిన ఊరుకుంటుందా? “మా ఆడపడుచు మొలల మందు చదివి ఏడిచీసిందర్రా!” అని కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. కాలనీ ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ కోపం చల్లారకముందే సీరియల్ ఆఖరి వారం వచ్చింది. టీచరమ్మ ఊరు వదిలి వెళ్ళిపోతుందా, ఉండిపోతుందా అని వదిన వారమంతా అన్నం సహించక తిరిగింది. మావయ్య పత్రిక నా చేతికి ఇచ్చాడు. నేను దాన్ని తీసుకెళ్ళి వేరుశనక్కాయల బండివాడికి ఇచ్చేశాను. వాడు నా కళ్ళెదుటే చింపి నాకో పొట్లం కట్టి ఇచ్చాడు. నిలబడి తిన్నాను కూడా. తర్వాత ఇంటికి వెళ్ళాను.

“పుస్తకమేదే?” అంది వదిన.

“మావయ్య మర్చిపోనాడట.”

“మర్చిపోడమేటి? ఇదే ఆఖరిదని చెప్పి పంపించేను కదే!”

“నాకేటి తెలుసు? నువ్వే అడుగు.”

కొత్త కోడలు. పెద్దాయన గుమ్మంలోకి వెళ్ళి నిలదీయదని నాకు తెలుసు. “అచ్ఛా,” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అప్పటికే మా దగ్గర నేర్చుకుంది.

ఇక పత్రిక తేవద్దని కబురు పంపింది. కుట్టిన పేజీలు పెట్టెలో అడుగున పడేసింది. ఆ తర్వాత ఆవిడ చేతిలో పుస్తకం నేను చూడలేదు. పిల్లలు పుట్టారు, పని పెరిగింది, అందుకే చదవడం లేదని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అందులో నిజం లేకపోలేదు. కానీ మావయ్య సంగతి? ఆ వేసవిలో వదిన ఆయనకి ఆవకాయ పంపలేదు. “ఏటమ్మా, ఈయేడు ఆవకాయ పెట్టలేదేటి మీ వదిన?” అని ఆయన నన్ను అడిగాడు. మామిడికాయలు బాగోలేవని చెప్పాను. పాపం, నమ్మాడు. తన తప్పేమిటో తెలియకుండానే ఆయన కాలం చేశాడు.

ఈమధ్య మా చిన్నాన్న కూతురు నన్ను ఈ గుంపులో చేర్చింది. మీరు ఫోటో తీసి పెట్టే పేజీలు, వాటిని చదివి వినిపించే గొంతులు. పప్పు రుబ్బుకుంటూ ఊరికే వినేదాన్ని. వింటూ వింటూ పేజీ వంక చూడటం మొదలుపెట్టాను. గొంతు వెనకాలే వేలు కదిపేదాన్ని. ఒకరోజు గొంతు ఆగిపోయినా నా వేలు ముందుకు వెళ్ళింది. ఈ వయసులో అంత సంతోషం నేను ఊహించలేదు. తర్వాత అక్షరాలు దిద్దుకుంటూ రాయడమూ పట్టుకున్నాను.

పక్క వీధిలోనే ఉన్న వదిననీ చేర్పించాను. “నాకేటికే ఇవి” అన్న మనిషి, నెల తిరక్కుండా కూర మాడబెట్టుకుంటూ చదవసాగింది. మీ అభిప్రాయాలు నచ్చకపోతే ఎలా దులిపేస్తుందో మీకు తెలుసు. మా ఇద్దరికీ ఇప్పుడు అదే కాలక్షేపం, అవే కబుర్లు. ఇంత హాయిగా మేమిద్దరం ఎప్పుడూ లేము.

పోయిన నెల మీలో ఒకరు ఆ టీచరమ్మ సీరియల్ పెట్టారు, మొత్తం, ముగింపుతో సహా. వదిన చదివి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. “చెప్పేనా! టీచరమ్మ ఊరొగ్గి ఎల్లదని నాకు అప్పుడే తెలుసు!” తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఆ ముసలాయన మర్చిపోకపోతే అప్పుడే చదివీసేదాన్ని,” అంది.

నేను “అవును వదినా” అన్నాను.

అప్పుడు చేసింది కుర్రతనం అనుకోవచ్చు. మరి ఇది? లేని మనిషి మీద, ఇంత సుఖంగా ఉన్న రోజున, మళ్ళీ తప్పు ఎందుకు నెట్టాను? ఆవిడ ఎదుట నిజం చెప్పలేకపోయాను. రాయడం ఎలాగూ వచ్చింది కదా, మీ దయవల్ల.

ఆదివారం పొద్దున్న గుంపులో వచ్చినవన్నీ మా వదిన వదలకుండా చదువుతుంది. ఇదీ చదువుతుంది. మొలల మందు దగ్గరే నన్ను గుర్తుపడుతుంది. ఆ తర్వాత ఏమంటుందో నాకు తెలీదు. క్షమించమని అడగటం లేదు, ఆ మాట అడగాల్సింది మావయ్యని.

వదినా, ఆ వారం మావయ్య పత్రిక తెచ్చాడు. నా చేతికే ఇచ్చాడు.