అమ్మ పేరు తప్పు

మియాపూర్ నుంచి మాదాపూర్ వెళ్లే బస్సు. నా పక్క సీట్లో సెక్యూరిటీ గార్డు యూనిఫాంలో ఒక పెద్దాయన, ఆయన ఒళ్లో టిఫిన్ డబ్బా, నా చేతిలో తెరుచుకోని ఈమెయిల్. ఉద్యోగంలో చేరతానని పది గంటలలోపు అందులోంచే జవాబివ్వాలి. పాస్‌వర్డ్ మరిచిపోయాను. మార్చాలంటే అమ్మ పేరు చెప్పమంటోంది. లక్ష్మి అని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో ఒకసారి, పెద్ద అక్షరాలతో ఒకసారి, మొదటిది మాత్రమే పెద్దదిగా రెండుసార్లు కొట్టాను. నాలుగుసార్లూ తప్పంది. ఇంకొక్క అవకాశమే ఉంది.

“కన్నతల్లి పేరు కూడా తప్పేనటండీ!” అన్నాను, ఒళ్లు మండి.

ఆయన ఫోన్‌లోకి తొంగిచూశాడు. “అకౌంట్ నువ్వే తెరిచినవా?”

“లేదండీ. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, మా హాస్టల్ కింద నెట్ సెంటర్‌లో తెరిపించాను. నేను చెబుతుంటే ఆయన టైప్ చేశాడు. వరంగల్ ఆయన.”

“మరి ఇగ పరేషాన్ ఎందుకు? నేను గేటు కాడ రోజూ పేర్లు రాస్త. లక్ష్మికి మీ దిక్కోళ్లు కె, ఎస్, హెచ్ పెడ్తరు. మేం ఎక్స్ పెడ్తం. జర ఎక్స్ కొట్టి చూడు.”

కొట్టాను. తెరుచుకుంది. తలెత్తేసరికి ఆయన కొత్తగూడలో దిగిపోతున్నాడు.

నేను కొట్టినవి ఏడు అక్షరాలు. కావలసినవి అయిదు.