చేతులు పట్టేసిన పిల్ల

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆవిడకి పుట్టుచెవుడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేస్తుంది, చేతులతో బదులిస్తుంది. తమ్ముడి కూతురికీ వినపడదని తేలినప్పుడు ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం పాపని ఒళ్లో వేసుకుని పాలు, పిల్లి, ఆకలి, అన్నీ చేతులతో నేర్పింది. పాపకి నాలుగేళ్లు వచ్చేసరికి మేనత్తా మేనకోడలూ ఇద్దరూ చుట్టుపక్కలవాళ్ల మీద చాడీలు చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు.

తర్వాత పాపకి ఆపరేషన్ చేయించి, చెవి వెనక మిషన్ పెట్టించారు. ఆవిడ అడ్డు చెప్పలేదు. వినపడితే మంచిదే కదా! కడుపు మండింది మాటలు నేర్పే టీచరమ్మ పెట్టిన షరతుకి.

"సైగలు చేస్తే నోరు బద్ధకిస్తుంది. మీ ఆడపడుచుగారిని కొన్నాళ్లు రానివ్వకండి," అని పాప తల్లితో అందిట.

తమ్ముడు గుమ్మంలోనే ఆపేశాడు. "పాప బాగు కోసమే అక్కా," అంటూ మొహం తిప్పేసుకున్నాడు. దాంతో మిగతా మాటలు ఆవిడకి అందలేదు. అందిన కాస్తా చాలనుకుని వెనుదిరిగింది.

బధిరుల సంఘంలో గోడు వెళ్లబోసుకుంటే అక్కడి పెద్దాయన పెదవి విరిచాడు. "తల కోయించుకున్న పిల్ల ఇక మనది కాదు. మరిచిపో," అని సైగ చేసి చేతులు దులిపేసుకున్నాడు. పసిదాన్ని వీళ్లూ వాళ్లూ వాటాలేసుకుంటున్నారు! ఆయనిచ్చిన టీ ముట్టకుండానే ఆవిడ లేచొచ్చేసింది.

ఆసుపత్రివాళ్లు సభ పెట్టి పాపని స్టేజీ ఎక్కించారు. ఆవిడని పిలవకపోయినా వెళ్లి వెనక నిలబడింది. టీచరమ్మ చాక్లెట్ ఊపుతూ "అమ్మ అను" అంటోంది. పాప శక్తంతా కూడదీసుకుని ఎలాగో అనేసింది. జనం చప్పట్లు కొట్టారు. అంతలో పాపకి అత్త కనిపించింది. ఏదో చెప్పాలని చేతులు లేపబోతే, తల్లి కెమెరా కేసి నవ్వుతూనే వాటిని వెనక్కి లాగి బిగించి పట్టుకుంది. ఆవిడ బయటికొచ్చి మెట్ల పక్కన తుపుక్కున ఉమ్మేసింది.

వానాకాలంలో పాపకి చెవి వెనక చీము పట్టి, మిషన్ కొన్నాళ్లు తీసేశారు. మందులు వేస్తున్నా పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎక్కడ నొప్పో అడగడం కన్నతల్లికి చేతకాలేదు. పాపని చంకనేసుకుని షాపుకి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, ఏమవుతోందో అడుగు. నీకు దణ్ణం పెడతా!"

ఆవిడ అడిగింది. పాప చేతులు లేపబోయి, తల్లి వైపు బిక్కుబిక్కుమంటూ చూసి, వెనక్కి దాచేసుకుంది. ఎవరూ పట్టుకోకుండానే.

ఆవిడ మరదలి కేసి చూసిన చూపుకి ఆమె తల దించేసుకుంది. తనే పాప చేతులు ముందుకి తెచ్చి వదిలింది. అప్పుడు చెప్పింది పాప: నొప్పి చెవిలో కాదు, కడుపులో. మందు పడలేదు. డాక్టరు మందు మార్చాక తెరిపిన పడింది.

ఇప్పుడు పాప మిషన్ పెట్టుకుని వింటుంది, చేతులతోనూ కబుర్లాడుతుంది. మరదలు వారం వారం వచ్చి సైగలు నేర్చుకుంటోంది. ఆవిడ విసుక్కోకుండా నేర్పుతుంది. మరదలు తెచ్చే పళ్లు మాత్రం ముట్టుకోదు. ఆ సంచీ ఎలా వచ్చిందో అలాగే తిప్పి పంపేస్తుంది.