కొలత మీద కొసరు

మా ఇంట్లో బేరమాడకుండా కొన్న వస్తువు లేదు. ఫిక్స్‌డ్ రేట్ అని బోర్డు పెట్టిన చోటే నాకు నాలుక దురద ఎక్కువ. బెంజి సర్కిల్ దగ్గర ఒక పెద్ద షాపులో చీరకి బిల్లు కొడుతున్న అమ్మాయిని, చివరికి ఎంతకిస్తావమ్మా అని అడిగితే, ఆ పిల్ల నన్ను జాలిగా చూసి నా వెనకావిడని ముందుకు రమ్మంది. సిగ్గుపడాల్సిన సంగతే. నేను పడలేదు. ఊరికే ఇంకో కవరు ఇప్పించుకుని మరీ వచ్చాను.

విజయవాడ వన్‌టౌన్‌లో మాది కిరాణా కొట్టు. హద్దు అంటే ఎదుటివాళ్ళు మొదట చెప్పే రేటు అనే అనుకుంటూ పెరిగాను. రోడ్డు వెడల్పుకని కొలిచేవాళ్ళు వచ్చి మా అరుగు మీద సున్నంతో గీత గీస్తే, నాన్న వాళ్ళని కూర్చోబెట్టి, టీ తెప్పించి, కబుర్లలో పెట్టి ఆ గీతని జానెడు బయటికి జరిపించాడు. నా పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున కుదిరితే, చుట్టాలకి ఇబ్బందండీ అని పంతులుగారితో బేరమాడి ఇంకో ముహూర్తం తీయించాడు. కదలని గీత అనేది ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఎంతకి కదులుతుందని అడిగేవాళ్ళమేమో.

నాన్న దగ్గర నేను నేర్చిన పెద్ద విద్య కొసరు. పప్పు తూచేటప్పుడు తక్కెడ ముల్లు మధ్యకి రాకముందే ఆపేవాడు. పొట్లం కట్టబోయేవాడల్లా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, డబ్బాలోంచి గుప్పెడు తీసి పైన వేసేవాడు. దాంతో తూకం సరిపోయేది. ఎవరికీ గింజ తగ్గలేదు, ఎవరికీ గింజ ఎక్కువా పోలేదు. కొన్నావిడ మాత్రం ఏదో గెలిచినట్టు వెళ్ళేది. "కొలత అందరూ ఇస్తారమ్మాయ్, కొసరే గుర్తుంటుంది," అనేవాడు.

కొట్టు మూసేసిన కొన్నేళ్ళకి నాన్న కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళడం నా పని అయింది. ఊళ్ళోనే ఉంటున్నాను, ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడే నోరూ నాదే. నీళ్ళు రోజుకి లీటరుకి మించకూడదని మొదట్లోనే చెప్పారు. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే లెక్క. డాక్టరు చిన్న వయసావిడ. నాన్న ఆవిడ ముందు చేతులు కట్టుకుని కూర్చుని, మీ మాట కాదననండీ, విజయవాడ ఎండలు మీకు తెలియనివి కావు, లీటరున్నర చేయండి అన్నాడు.

ఆవిడ నవ్వింది. "ఇది నేను పెట్టిన రేటు కాదండీ, మీ ఒంట్లో ఇక పట్టేదే అంత."

నాన్న లేచాడు. నేనూ లేచాను. మా ఇద్దరికీ తెలిసిన పద్ధతి అదొక్కటే: బేరం కుదరనప్పుడు లేచి, నింపాదిగా గుమ్మం వైపు నడవడం. ఏ కొట్టువాడైనా గుమ్మం దాటనివ్వడు, వెనక్కి పిలుస్తాడు. మేం చాలా నింపాదిగా నడిచాం. ఆవిడ తరవాతి పేషెంటుని పిలిచింది.

అమ్మ రోజూ పొద్దున్నే ఒక సీసా నింపి ఆయన మంచం పక్కన పెట్టేది. రోజంతటికీ అంతే. చిన్న స్టీలు గ్లాసులో పోసిస్తే నాన్న తాగి, గ్లాసు వెనక్కివ్వకుండా నా వైపు చాపేవాడు. "కొసరేదీ?"

నేను ఆయన విద్యే ఆయన మీద వాడాను. గ్లాసు కాస్త వెలితిగా పోసి, ఆయన అడిగాక ఆ వెలితి పోసేదాన్ని. మొదటిసారే పట్టేశాడు. నా దగ్గర నేర్చుకుని నాకే అమ్ముతున్నావటే అని నవ్వి, ఆ గుక్క కూడా తాగాడు. ఆ నవ్వు చూసి దీన్ని కూడా గట్టెక్కించేస్తామనుకున్నాను. చలికాలమంతా అలాగే గడిచింది.

తరవాత ఎండలు ముదిరాయి. మధ్యాహ్నాలు గోడ మీద చెయ్యి వేస్తే కాలేది. నాన్న పెదాలు చీలిపోయాయి. మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అంటుకునేది. ఆ ఎండల్లోనే మేం చేయకూడని పని చేశాం. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి గానీ, మా ఇంటికొచ్చినవాళ్ళకి గానీ ఏదైనా కొలిచి ఇచ్చాక చెయ్యి ఊరుకోదు. నేను మరీ గీచి గీచి పోస్తున్నానని అమ్మ నేను చూడకుండా కుండలోంచి ఒక గుక్క ఇచ్చేది. అమ్మ చాదస్తంగా సీసాకే అంటిపెట్టుకుందని, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు నేనొక గుక్క. ఆ మధ్య పెట్టుకున్న వంటమనిషి మజ్జిగ గిన్నె తీసేముందు ఇంకొక గుక్క. గుక్కెడేగా అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. సీసా మాత్రం రోజూ సరిగ్గా సాయంత్రానికే ఖాళీ అయ్యేది. నాన్న అందరి దగ్గరా పుచ్చుకున్నాడు, ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. ఒక ఖాతాదారుకి ఇచ్చిన రేటు ఇంకో ఖాతాదారుకి చెప్పే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు.

కాళ్ళు వాచాయి. ఎండకనుకున్నాం. ఒక మధ్యాహ్నం పడుకోబోయి పడుకోలేక లేచి కూర్చున్నాడు. ఊపిరి లోపలికి వెళ్తుంటే గుడగుడమని చప్పుడు. అంబులెన్సులో ఆస్పత్రికి పరుగెత్తాం. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఆ నీళ్ళన్నీ మిషన్ మీద తోడాక, ఎన్ని తాగారని డాక్టరు అడిగింది. లీటరేనండీ అన్నాను, నిజాయితీగానే; నా గుక్క నాకు లెక్కలోకి రాలేదు. అమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, పైన ఒక గుక్క నేనిచ్చానండీ అంది. అప్పుడు నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా మొహం చూసింది. డాక్టరు మా ఇద్దర్నీ చూసి కేసు షీటు మూసేసింది.

ఆ తరవాత మా చేతులు బిగుసుకుపోయాయి. గ్లాసులో గుర్తుకి పెట్టుకున్న గీత దాకా పోసి ఆపేవాళ్ళం. ఇంటికొచ్చిన మొదటిరోజు నాన్న అలవాటుగా గ్లాసు చాపాడు. అమ్మ మొహం తిప్పుకుంది. మళ్ళీ ఆయన చాపలేదు.

కొన్నాళ్ళకి నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"సోమవారం నేను రానమ్మా."

"ఎక్కడికి?" తెలిసే అడిగాను.

"ఆ మిషన్ దగ్గరికి."

వానలు పడేదాకా రా నాన్నా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోనీ ఈ నెల అన్నాను. ఊపాడు. ఒక్క వారం, నా మాట మీద అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది, సాయంత్రం పూట మిగిలిన కూరగాయలు అమ్ముకునేవాడిలా.

"బేరానికి పిలవలేదే నిన్ను," అన్నాడు మెల్లగా. "చెబుదామని పిలిచాను."

డాక్టరుకి ఫోన్ చేశాను. ఆవిడైనా ఏదో ఒకటి చెప్పి ఒప్పిస్తుందని ఆశ. ఆవిడ నాన్నతోనే చాలాసేపు మాట్లాడింది. మళ్ళీ ఫోన్ నా చేతికొచ్చాక, మిషన్ లేకపోతే ఎక్కువ రోజులు ఉండరని చెప్పాను, ఆయన తెలిసే చెబుతున్నారండీ అంది. నీళ్ళ సంగతేంటండీ అని అడిగాను. ఇక కొలవకండి, ఎంత అడిగితే అంత ఇవ్వండి అంది.

ఆ మాట కోసమే మా నాన్న ఆ రోజు ఆవిడ గదిలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ కుండలోంచి పెద్ద చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చింది. ఎంత తొందరగా తెచ్చిందంటే వంటింటి నుంచి మంచం దాకా గచ్చంతా తడి. ఎన్నయినా తాగొచ్చట నాన్నా అన్నాను. నాన్న ఆ చెంబుని చూశాడు. మా ఇద్దర్నీ నొప్పించడం ఇష్టంలేక కాబోలు, అంచు పెదాలకి ఆనించి తీసేశాడు.

"దాహం లేదమ్మా," అన్నాడు.

కాసేపాగి తాగుతాడేమోనని అమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. చేతులు నొప్పెడతాయి, కింద పెట్టమ్మా అన్నాను. పెట్టలేదు.