దొంగ ఊపిరి

నా చిన్నప్పుడు దసరా సెలవులంటే నర్సంపేటలో మా మేనమామ ఇల్లే. మామ, అత్తమ్మ ఇద్దరూ డాక్టర్లు. ముందు రెండు గదులు దవాఖాన, వెనక కాపురం. మామ నోరు తెరిస్తే నవ్వులే, జనం ఆయన కోసమే వచ్చేవారు. అత్తమ్మ నోట మాట రావడం గగనం. పొగరు అనుకునేవారు పాపం. విచిత్రమేమిటంటే, పొద్దుగూకేసరికి విసుక్కునేది మామే. పడకల మీద ఉన్న రోగుల దగ్గర ఆయన కాలు నిలిచేది కాదు. "ఈ చాకిరి నాకెందుకు రాసిపెట్టిండో దేవుడు" అని రోజూ సణుగుడే. అత్తమ్మ మొహంలో మాత్రం ఏ విసుగూ ఉండేది కాదు. ఎవరూ మెచ్చుకోని మనిషికి ఆ తృప్తి ఎక్కడిదో నాకు అర్థమయ్యేది కాదు.

నాకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, మామ వాళ్ల చేను నుంచి తెచ్చి వెనక గదిలో కుప్ప పోసిన పత్తిలో దూకి ఆడుతుంటే చేతికి చురుక్కుమంది. చూస్తే నాగుపాము. మామ నన్నెత్తుకొని ముందుగదికి ఉరికి, రెండు నిమిషాల్లో విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ వేగమే లేకపోతే ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఆ తర్వాత చేయాల్సింది కనిపెట్టుకొని ఉండటమే. ఆ విషం ఊపిరిని చచ్చుబడేలా చేస్తుంది. మందు గెలుస్తుందో విషం గెలుస్తుందో కొన్ని గంటలపాటు తెలియదు. మామ కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అత్తమ్మ స్టూలు లాక్కొని నా పక్కన కూర్చుని, చేతిగడియారం విప్పి ఒళ్లో పెట్టుకుంది. "కబడ్డీ ఆడుతవు గద బిడ్డా. ఒక్క ఊపిరిల ఎంతసేపు కూత పెడ్తవో సూద్దాం" అంది.

పావుగంటకోసారి కూత. మొదటిసారి బాగానే సాగింది, రెండోసారి తగ్గింది. రెప్పలు బరువెక్కుతున్నాయి. నాకేమో ఓడిపోవడమంటే చచ్చేంత రోషం. మూడోసారి ఊపిరి చాలక, ఆటలో చేసే దొంగతనమే చేశాను. కూత ఆపకుండా ముక్కుతో గుట్టుగా కాస్త గాలి లాగాను. కూత పొడుగ్గా వచ్చింది. మామ మొహం విప్పారింది. "ఇగ ఫికర్ లేదు, మందు పని జేస్తాంది. బయట పేషెంట్లను సూసొస్త" అంటూ తలుపు దాకా వెళ్లాడు.

అత్తమ్మ కదల్లేదు. ఆమె చూపు గడియారం మీద లేదు, నా పొట్ట మీద ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "నడుమల ఊపిరి తీస్కున్నవు. ఈసారి ఓడిపో బిడ్డా, నాకు నిజం గావాలె" అంది. కోప్పడలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ఈసారి నిజం కూత పెట్టాను. నాలుగు మాటలకే ఆగిపోయింది.

"కారు తియ్యుండ్రి, వరంగల్ పోదాం" అంది మామతో. నా గొంతులోకి గొట్టం వేసి, దారి పొడవునా రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోసింది. నేను రెప్ప ఎత్తలేను, వేలు కదపలేను, అన్నీ వినిపిస్తున్నాయి. కారు నడుపుతూ మామ "ఎట్లుంది, ఎట్లుంది" అని అడుగుతూనే ఉన్నాడు. అత్తమ్మ చెయ్యి ఆగితే నేను పోతానని నాకు తెలుసు. అది ఒక్కసారీ ఆగలేదు.

నాలుగో రోజు పెద్దదవాఖానలో లేచి కూర్చున్నాక, అంతసేపు ఎట్లా కూర్చోగలిగావని అత్తమ్మను అడిగాను. "మీ మామకు ఉరుకుడు వస్తది, నాకు కూసునుడు వస్తది. ఎవలకు వచ్చిన పని వాళ్లు జేస్తే అలుపుండది" అంది. మామ పక్కనే ఉండి విన్నాడు. ఆ నెల నుంచే పడకలు ఆమెకు వదిలేసి, తాను ఊరూరా తిరిగి వైద్యం చేయడం మొదలుపెట్టాడు. సణుగుడు దానంతటదే పోయింది.

పెద్దయ్యాక నేనూ డాక్టర్నయ్యాను. మొదటి రెండేళ్లు క్యాజువాలిటీలో ఆ అరుపులు, ఆ పరుగులు తట్టుకోలేక, ఈ వృత్తికే పనికిరానని రాజీనామా రాసుకున్నాను. ఇవ్వబోయే రోజు అత్తమ్మ మాట గుర్తొచ్చింది. ఆ కాగితం చించేసి మత్తు వైద్యం చదివాను. హనుమకొండలో ముప్పై ఏళ్లు ఆపరేషన్ బల్ల తలాపున కూర్చున్నాను. కోలుకున్నవాళ్లు దండం పెట్టేది సర్జన్‌కే. నా మొహం కూడా వాళ్లకు గుర్తుండదు. వాళ్లకు తెలియకుండా వాళ్లు తీసుకున్న ఒక్కో ఊపిరినీ నేను చూశాను. నాకది చాలింది.