ఆవిస్ చేతులు, గస్ కాళ్ళు

తెల్లవారుతూనే ఆవిస్ పెక్ కాలువ గట్టు మీద మోకాళ్ళూని కూర్చునేది. గస్‌ను ఒంటికి ఆనించుకుని రెండు అరచేతుల మధ్య వాడి పొట్టను తడిమేది. పండిన ప్లమ్ పండులాంటిది ఎక్కడో లోపల తగిలేది. కళ్ళు మూసుకుని మెల్లగా నొక్కేది. గడ్డి మీద సన్నటి ధార పడేది. నల్లమట్టి పొలాల మీద పొగమంచు కదలకుండా పడుకుని ఉండేది. ఆకాశం తప్ప మాకు అటువైపు ఏమీ లేదు.

గస్ పొట్టి కాళ్ళ పొడుగు కుక్క. రెండేళ్ళ కిందట సోఫా మీంచి దూకి నడుం విరగ్గొట్టుకున్నాడు. లోపల వెన్నుపాము నలిగింది. వెనక కాళ్ళు ఉన్నాయన్న మాటే గాని, బరువైన తోకలా ఈడ్చుకుంటూ తిరిగేవాడు. ఒంటేలు తనంతట తాను పోయలేడు. చీము పట్టి రెండుసార్లు చావు దాకా వెళ్ళొచ్చాడు కనక, ఉచ్చ సంచీ నిండకముందే పిండేయాలి. అదీ ఆవిస్ చేతులకే లొంగేవాడు. పక్కింట్లో ఉండే నేనూ ఒకసారి ప్రయత్నించాను. చెక్కలా బిగుసుకుపోయి, నా మణికట్టు పళ్ళతో పట్టుకున్నాడు.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి నెల్, అందుకే," అంది ఆవిస్, నన్ను నొప్పించకూడదని.

ఆమెకున్న సొంత సంతోషమల్లా చర్చి గోపురంలో గంటలు మోగించడం. పదిహేనేళ్ళప్పుడు తాడు పట్టింది, అరవై దాటినా వదల్లేదు. ఆదివారాల చిన్న మోతకు ఇప్పటికీ వెళ్ళొచ్చేది. పెద్ద మోత వేరు. అందులో గంటల వరస ప్రతిసారీ మారుతుంది, ఒక వరస రెండోసారి రాకూడదు. పూటంతా ఎవరూ తాడు వదలరు. ఒక్కరు వదిలితే అందరి శ్రమా నీళ్ళపాలు. గస్ ఆగగలిగినదానికన్నా పెద్ద మోత పొడుగు.

వచ్చే వసంతంలో పట్నం చర్చిలో పెద్ద మోత మోగించే అవకాశం మా ఊరి జట్టుకు వచ్చింది. అక్కడి గంటలు ముట్టుకోవాలని ఆవిస్ బతుకంతా ఎదురుచూసింది. జట్టు పెద్ద క్లెమ్ గట్టు మీదికే వచ్చాడు.

"పోయిన నీ మొగుడు కూడా నిన్నింత గట్టిగా కట్టేయలేదు కదే!"

"ఆయన ఉచ్చ ఆయనే పోసుకునేవాడు క్లెమ్."

క్లెమ్ నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "నీ తాడు ఎవరికీ ఇవ్వను. కానీ జట్టు సాధన మొదలెట్టేలోపు వస్తావో రావో చెప్పు."

ఆ వారమే పశువుల ఆసుపత్రి వాళ్ళు గస్‌ను తమ కొత్త మందు పరీక్షలోకి అడిగారు. ఇస్లా అనే కుర్ర డాక్టరు ఆవిస్ వంటింట్లో కూర్చుని టీ చల్లార్చుకుంటూ చెప్పింది. వెన్నుపాము నలిగిన చోట గట్టి మచ్చ కడుతుంది, కొత్తగా పెరిగే నరాల కొసలు దాన్ని దాటలేవు. ఒకరకం బాక్టీరియా తన తిండి కోసం తయారుచేసుకునే ప్రొటీన్ ఒకటుంది. అది ఆ మచ్చను కొరికి సందు చేస్తుంది. సగం కుక్కలకు దాన్ని వెన్నులోకి ఎక్కిస్తారు, మిగతావాటికి చర్మం మీద ఊరికే సూది గుచ్చుతారు.

"వీడికేది పడుతుందో మీకు తెలుస్తుంది కదమ్మా?" అనడిగింది ఆవిస్.

"తెలీదండీ. తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెప్తాయి."

"కాళ్ళ సంగతి అలా ఉంచండి. ఉచ్చ వాడంతట వాడు పోస్తాడా?"

ఇస్లా కప్పు కింద పెట్టింది. "ఆ మాట ఇవ్వలేను."

అయినా ఆవిస్ సరేనంది. సూది పడింది. తరవాత ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా గస్ కాళ్ళకు మెరిసే చుక్కలు అంటించి, కదిలే పట్టీ మీద నడిపించి, కెమెరాలతో చూసేవారు. చలికాలం సగమయ్యేసరికి వెనక కాళ్ళు ముందు కాళ్ళ మాట వినడం మొదలెట్టాయి. తూలుతూ, పడుతూ, మళ్ళీ లేస్తూ గస్ నడిచాడు. పబ్బులో క్లెమ్ అందరికీ బీరు పోయించాడు. ఊరంతా ఆవిస్ చేతులు పట్టుకుని ఊపింది. ఆ చేతులు ఇంకా ఏ పని మీద ఉన్నాయో అడిగినవాళ్ళు లేరు. ఆమె అందరితోనూ నవ్వింది. ఇంటికొచ్చి గస్‌ను గడ్డిలోకి ఎత్తుకెళ్ళింది.

ఒకరోజు పొద్దున్నే నా తలుపు బాదింది.

"నెల్! వంటింట్లో మడుగు! నేను ముట్టుకోలేదు, ఒట్టు! వాడే పోశాడు!"

గస్ ఆ మడుగు పక్కనే కూర్చుని ఉన్నాడు, ఎవరిదో తప్పు చూస్తున్నట్టు. మర్నాడూ మడుగు. ఆ మర్నాడూ. ఆవిస్ నొక్కడం తగ్గించింది. వస్తానని క్లెమ్‌కు చెప్పింది. సాధన మొదలైంది. గట్టు మీద నిలబడి వింటే ఆమె గంట నాకు విడిగా వినబడేది, గొంతు విప్పిన మనిషిలా.

ఇస్లా చివరి పరీక్షకు వచ్చినప్పుడు ఆవిస్ ఆమెను వాకిట్లోంచే లాక్కొచ్చి మడుగు చూపించింది. ఇస్లా గస్ పొట్ట కింద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"సంచీ రాయిలా ఉందండీ. ఖాళీ కావట్లేదు. పట్టక కారుతోంది."

ఆవిస్ ఈ కాలువల మధ్య పుట్టిన మనిషి. "పంపు ఆడలేదు. గట్టు పొర్లింది. అంతేనా?"

"అంతే. ఇంకో వారం అయితే కిడ్నీలు పోయేవి." చెయ్యి తుడుచుకుని, "పెద్ద మోత రోజు ఒక్కటీ వీణ్ణి మా దగ్గర వదలండి, గొట్టం పెట్టి చూసుకుంటాం," అంది.

"గొట్టం పెట్టిన రెండుసార్లే కదమ్మా చీము పట్టింది."

ఆవిస్ గస్‌ను ఎత్తుకుని గడ్డిలోకి వెళ్ళింది. ఆ రోజు ధార ఎంతకీ ఆగలేదు.

రాలేనని క్లెమ్‌కు ఆమే వెళ్ళి చెప్పింది. అతను గుమ్మంలో నిలబడి టోపీ తిప్పుతూ, "నడుస్తున్నాడు కదే! నడిచే కుక్కకి ఇంకేం రోగం?" అన్నాడు.

"నా తాడు ఆదివారాలు నా పక్కన మోగించే కాథ్లీన్‌కి ఇచ్చెయ్. దాని చేతులు బావుంటాయి."

పెద్ద మోతకు ముందు వారం ఇస్లా ఫోన్ చేసింది. పరీక్ష ముగిసింది, ఏ కుక్కకు ఏది పడిందో విప్పారు. గస్‌కు పడింది ఆ ప్రొటీనే.

"అయితే పనిచేసిందన్నమాట," అంది ఆవిస్.

"చేసిందండీ. కాళ్ళ వరకు."

"మంచిది. ఇంకో కుక్కకి సంచీ దాకా కూడా పనిచేస్తుందేమో చూడండి." ఫోన్ పెట్టేసి కోటు వేసుకుంది. గస్‌కు వేళయింది.

పెద్ద మోత శనివారం. ఊరంతా పట్నం వెళ్ళి ఖాళీ అయింది. నేనూ వెళ్ళాల్సినదాన్ని, వెళ్ళలేదు. గస్ గట్టు వెంట ముందు నడుస్తున్నాడు, తన కాళ్ళు తనవేనని కొత్తగా తెలిసినవాడిలా. ఆవిస్ వెనక. రోడ్డు దాకా వెళ్ళాడు. పట్నం బస్సు వాళ్ళను చూసి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"ఎక్కుతున్నావా ఆవిస్?" అన్నాడు డ్రైవరు. "ఇప్పుడెక్కితే సగమన్నా వినొచ్చు."

ఆమె మెట్టు వైపు చూసింది. తర్వాత గస్ పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది.

"లేదులే. నువ్వు పో."